కంపు కొట్టని చొక్కా

"ఈ చొక్కాకి కంపేదీ?"

భార్య అడిగిన తీరుకి, చెప్పులు విప్పుతున్న భర్త ఆగిపోయాడు. ఊరి చెత్తంతా పోసే గుట్ట మీద ఆయన పని. ఇంటికి రాగానే నేరుగా పెరట్లో కుళాయి కిందికి వెళ్లాలి, చొక్కా విడి బకెట్లో నానాలి. ఇన్నేళ్ల కాపురంలో అదే పద్ధతి. అలాంటిది ఈమధ్య దర్జాగా ముందు గదిలోకి వచ్చి కూతుర్ని ఒళ్లో కూర్చోబెట్టుకుంటున్నాడు. పైగా కూనిరాగాలు.

ఆయన ఒంటి మీది చొక్కా అంచుని ఆమె మళ్లీ ముక్కుకి ఆనించుకుంది. తను ఉతికిన సబ్బు వాసన అలాగే ఉంది. అంటే ఈ చొక్కా గుట్ట ఎక్కనేలేదు.

"రోజంతా ఎక్కడుంటున్నారు?"

"గుట్ట మీదే. మొత్తం షీటు కప్పేసి గొట్టాలు దించారని చెప్పాగా. లోపల కుళ్లిన చెత్తలోంచి వచ్చే గ్యాసంతా మిషను లాగేస్తోంది. దాన్ని శుభ్రం చేసి బాగా చల్లబరిస్తే నీళ్లలా అయిపోతుంది. డీజిలు బదులు లారీలకి అదే పోస్తారు."

"కంపుని నీళ్లు చేసి లారీలకి పోస్తారా?"

"అంతే."

"నా చెవిలో పూలు పెట్టడానికి ఇంతకన్నా మంచిది దొరకలేదా?"

ఆయన పకపకా నవ్వాడు. కోప్పడి ఉంటే నమ్మేదేమో, ఆ నవ్వుకి మాత్రం ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది.

మర్నాడు పిల్లని బడిలో దింపి, గుట్టవైపు వెళ్లే బస్సెక్కింది. ఆయన అక్కడ లేడంటే ఏం చేయాలి? పుట్టింటికి పోవాలా, ఆ మహాతల్లి ఎవరో కనుక్కుని జుట్టు పట్టుకోవాలా? తలుచుకుంటేనే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ మనిషంటే ఆమెకి ప్రాణం, అదే వచ్చిన చిక్కు.

బస్సు దిగుతూనే అలవాటుగా కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి అనుమానమొచ్చి తీసి చూసింది. గుట్ట ఎదురుగానే ఉంది. నల్లటి షీటు కప్పుకుని, ఒళ్లంతా గొట్టాలు. మిషను రొద చెవులు దిబ్బళ్లు వేసేలా ఉంది. కంపు మాత్రం లేదు. షీటు మీద గొట్టం బిగిస్తూ ఆయన కనిపించాడు, అదే చొక్కాతో.

ఆమెకి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఆయన చూడకముందే జారుకుందామని గిరుక్కున వెనక్కి తిరిగింది.

"ఏం కావాలమ్మా?" గేటు దగ్గర వాచ్‌మన్ అడ్డొచ్చాడు.

"ఏం లేదు బాబూ. ఊరికే ఇటు వచ్చాను."

"ఊరికే ఎవరొస్తారమ్మా ఇక్కడికి? మీ ఆయన చొక్కా సంగతేగా?"

"నీకెలా తెలుసు?"

వాచ్‌మన్ కర్రతో పక్కనున్న షెడ్డు చూపించాడు. లోపల బెంచీల నిండా ఆడవాళ్లు, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కూర్చుని ఉన్నారు.

"వెళ్లి కూర్చోండి, టీ తాగి వెళుదురుగాని. అదిగో, మేనేజరుగారి భార్య పక్కన చోటుంది."