బొత్తాల కొట్టు ఖరీదు

"ఆ బకెట్టు ఈ ఇంట్లో ఉండటానికి వీల్లేదత్తయ్యా. పొద్దుటినుంచీ చెబుతున్నాను."

"నేనూ పొద్దుటినుంచీ వింటూనే ఉన్నాను. సగం ధరకొచ్చింది, దాని తప్పేముంది?" అంది అత్తగారు, పచ్చ బకెట్టును తన మంచం కిందికి తోసుకుంటూ.

"వచ్చిన చోటు తప్పు."

ఊరి చివర పెద్దరోడ్డు మీద ఆ చౌకధరల దుకాణం తెరిచి పది నెలలైంది. గుండుసూది నుంచి పందిరిమంచం దాకా అన్నీ అక్కడే, అన్నీ తక్కువకే. అత్తగారికి అది రెండో పుట్టిల్లయింది. కోడలికి దాని పేరెత్తితే ఒంటిమీద జెర్రి పాకినట్టుంటుంది. పాత బజారు సందులో ఆమెకి బొత్తాల కొట్టుంది, తండ్రి ఇచ్చినది. బొత్తాలు, దారాలు, జిప్పులు, వెనకాల ఒక కుట్టుమిషను. పద్దెనిమిదేళ్ళుగా అదే ఆమె లోకం.

"అత్త మీద కోపం దుత్త మీద చూపించారంటే విన్నాను. కొట్టు మీద బెంగ బకెట్టు మీద చూపించడం ఇప్పుడే చూస్తున్నాను," అంది అత్తగారు. "మమ్మల్నంటుంది గానీ, కొట్లో తన బల్ల కింద ఆ దుకాణం కవర్లు అరడజను నా కళ్ళతో చూశాను. కాదనమను."

కోడలు కొట్టు తాళంచెవులు తీసుకుని వెళ్ళిపోయింది.

భర్త చొక్కా వేసుకుంటూ ఇదంతా విన్నాడు. కల్పించుకునే మొహం తనకి లేదనుకున్నాడు. బ్యాంకుల తరఫున ఇళ్ళకీ కొట్లకీ విలువ కట్టడం ఆయన ఉద్యోగం. ఊళ్ళో అందరూ టేపు మాస్టారంటారు. పెద్దరోడ్డు పక్క స్థలాలు మూడింతలు పెరిగాయని రాసిందీ ఆయనే, పాత బజారు సందు సగానికి పడిపోయిందని రాసిందీ ఆయనే. ఇంట్లో మనిషి కొట్టుందని అంకె పెంచి రాస్తే అది విలువ కట్టడం కాదు మరి.

రోజూ సాయంత్రం భార్య అడుగుతుంది: "ఇవాళ మా సందు ఎంతకి దిగింది?"

జ్వరం ఎంతుందో రోగికి చెప్పినట్టు మెల్లగా చెబుతాడు.

"ఇంకా పడుతుందా?"

"ఇంకో నెల పడొచ్చు. ఆపైన పడటానికి ఏమీ మిగలదు."

ఆమె తల ఊపి తన పనిలో పడుతుంది.

ఆ మధ్యాహ్నం ఉండబట్టలేక సందులోకి వెళ్ళాడు. పద్నాలుగు కొట్లలో ఆరింటికి తాళాలు. ఆమె పక్కనున్న గడియారాల కొట్టు పెద్దాయన కూడా మూసేసి కూతురింటికి చేరాడు. భార్య అల్మారాల్లోంచి బొత్తాలు దించి డబ్బాల్లో పోసి మూతలు బిగిస్తోంది. కొత్త సరుకు తెప్పించడం మానేసి నెలైందని ఆయనకి తెలుసు. ఆమె మెడ కూడా బోసిగా ఉంది.

"గొలుసేదీ?"

"కొక్కెం ఊడింది."

బొత్తాల కొట్టులో కొక్కేనికి కరువా అని ఆయన అడగలేదు.

అంతలో ఒకమ్మాయి ఆ దుకాణం కవరొకటి తెచ్చి బల్ల మీద పెట్టింది. "అక్కా, ఈ ప్యాంటు నిన్ననే కొన్నాను. పొడుగెక్కువ, బొత్తం కూడా ఊడింది."

"రేపు రా." కవరు బల్ల కిందకి వెళ్ళింది. అక్కడ అలాంటివి పాతిక దాకా ఉన్నాయి. కవర్ల సంగతి ఇదన్నమాట, అనుకున్నాడాయన. వాళ్ళు పారేసిన ముక్కలు ఏరుకోవలసి వచ్చింది నా భార్యకి.

"కాలు పెట్టుకోను చోటు లేదు," అందామె విసుగ్గా. పక్కగోడ మీద వేళ్ళతో తట్టింది. "ఏవండీ, ఇది గట్టిదేనా?"

"ఒంటి ఇటుక గోడ. కప్పు బరువంతా దూలాల మీదుంది, దీని మీద కాదు. అడ్డానికి కట్టారంతే. బరువేదీ ఆనించకు." మాట మార్చడానికి అన్నాడు, "గడియారాల కొట్టు అమ్ముడుపోయిందట, విన్నావా? పెద్దాయన అడిగినంతా ఇచ్చారట, బేరమైనా ఆడకుండా. ఈ సందులో కొన్న ఆ వెర్రిబాగులవాడెవడో!"

"పోన్లెండి. పెద్దాయన కూతురింట్లో తలెత్తుకుని ఉంటాడు," అంటూ ఇంకో మూత బిగించింది.

సాయంత్రం నలుగురూ భోజనానికి కూర్చున్నారు. కూతురు భయంభయంగా మాట కదిపింది. "అమ్మా, ఆ దుకాణంలో బట్టల వైపు మనుషుల్ని తీసుకుంటున్నారట. నీకైతే పని తెలుసు కదా."

ఆమె కోప్పడలేదు. అందరికీ వడ్డించి, తనూ కూర్చుని, నెమ్మదిగా చెప్పింది.

"సోమవారం నుంచి కొట్టు మూస్తున్నాను."

కూతురు తల్లి భుజం మీద చెయ్యి వేసింది. భర్త కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు.

"మంచి పని చేశావే తల్లీ," అంది అత్తగారు. పంతం నెగ్గినా ఆవిడ గొంతు కూడా తడిగానే ఉంది. "ఎన్నాళ్ళని ఈదుతావు ఎదురు?"

"మీ పచ్చ బకెట్టు నాకు కావాలత్తయ్యా."

"తీసుకో, నీకంటే ఎక్కువా. అయినా కొట్టే మూస్తుంటే బకెట్టెందుకే?"

"మన రెండు కొట్ల మధ్య గోడ కొట్టించాక, ఆ ఇటుకలు మోయాలిగా."