ముత్యం ముట్టని ముద్ద

దేవుడు నైవేద్యం నిజంగా తింటాడా? చిక్కడపల్లిలో కాపురం పెట్టిన కొత్తలోనే బాలత్రిపురసుందరికి ఈ అనుమానం పుట్టింది. తింటే గిన్నె ఖాళీ కావాలి కదా? తినకపోతే రోజూ రెండు ముద్దలు ఎలా తరుగుతున్నాయి? భర్త జగన్నాథరావును అడిగితే, "సమయం వచ్చినప్పుడు చెబుతాలే" అన్నాడు. ఆ సమయం ఇప్పటిదాకా రాలేదు. దేవుడు ఆరగించేటప్పుడు మనిషి కంట పడకూడదంటూ ఆయన రోజూ పూజగదికి తెర దించుతాడు. లోపల గంట మోగుతుంది. కాసేపటికి తెర తొలగుతుంది. వెండి గిన్నెలో పెరుగన్నం ఒక పక్క గుంట పడి ఉంటుంది. మిగిలింది ఆలుమగలిద్దరూ కళ్లకద్దుకుని తింటారు.

ఇవాళ మాత్రం ఆమె ధ్యాస దేవుడి తిండి మీద లేదు, పిల్లి తిండి మీద ఉంది.

ఇంటితోపాటే వచ్చిన తెల్లపిల్లి ముత్యం. వంటింటి గుమ్మం పక్కన గంపలో మూలుగుతోంది. జ్వరం తగ్గినా దేన్నీ ముట్టడం లేదు. "నా మందు చేసేది చేసిందమ్మా. ఇక కడుపులో ఏదో ఒకటి పడకపోతే దక్కదు. చేప వాసన చూపించండి, లేస్తుందేమో" అన్నాడు నారాయణగూడ పశువుల డాక్టరు. పిల్లి పడకేసిన నాటి నుంచీ ఆమె గంప పక్కనే చాప వేసుకుంది. రాత్రీ పగలూ అక్కడే.

పెరటి తలుపు తోసుకుని పనిమనిషి మాసమ్మ వచ్చింది.

"బందు ఉన్నదని దుకాన్లన్నీ మూసిండ్రమ్మా. అశోక్‌నగర్ బస్తీల ఇల్లిల్లు తిరిగి తెచ్చిన" అంటూ కొంగుముడి విప్పింది. ఎండుచేప.

"మెల్లగా మాసమ్మా! అయ్యగారు పూజలో ఉన్నారు."

"నేను మెల్లగ ఉంట. వాసన ఉంటదా అమ్మా?"

వాసన మెల్లగా ఉండలేదు. తెర పక్కకు తోసుకుని పట్టుపంచెతో, చేతిలో గంటతో జగన్నాథరావు వచ్చేశాడు.

"ఏమే! ఏమిటీ నీచుకంపు?"

"ఎండుచేప."

"నా ఇంట్లోనా? ముందది గడప దాటించు!"

"దాటించను."

మాసమ్మ ఇంటి కప్పు కేసి చూడటం మొదలుపెట్టింది. ఆ అమ్మ నోట ఆ మాట ఆమె ఎన్నడూ వినలేదు.

"ఎదురు చెబుతున్నావా?"

"చెబుతున్నాను. అది తిన్నాక ఇల్లంతా పసుపునీళ్లతో కడుగుతాను. తినేదాకా మీరొచ్చినా, మీ మడి వచ్చినా, ఈ చేప ఇక్కణ్ణించి కదలదు."

ఆమె చేపముక్క తుంచి పిల్లి మూతి దగ్గర పెట్టింది. ముత్యం ఒకసారి వాసన చూసి మొహం తిప్పేసుకుంది.

"ఎండుశాపను వద్దనే పిల్లిని నా జిందగీల చూడలే" మాసమ్మ బుగ్గన వేలేసుకుంది. "మీ ఇంట్ల పెరిగి ఇది గూడ మడి కట్టిందమ్మా!"

"దానికున్న బుద్ధి నీకు లేకపోయింది" అన్నాడు జగన్నాథరావు భార్యతో. అన్నాడే గాని అక్కణ్ణించి కదల్లేదు.

ఏం చెయ్యాలో తోచక ఆమె తలెత్తింది. తొలగిన తెర సందులోంచి వెండి గిన్నె కనిపించింది. పెరుగన్నం నున్నగా, పెట్టింది పెట్టినట్టే ఉంది. నిన్నా అంతే. మొన్నా అంతే. పిల్లి పడకేసిన నాటి నుంచీ దేవుడూ లంఖణాలు చేస్తున్నాడు!

ఆమె దిగ్గున లేచింది.

"మీ దేవుడు దొరికాడండీ."

"ఏమిటా మాటలు?"

"మీరక్కడ కళ్లు మూసుకుని కూర్చుంటే, పెరటి కిటికీలోంచి దూరి తిన్నది ఇది. ఇన్నేళ్లూ దీని ఎంగిలే మనం కళ్లకద్దుకున్నాం."



స్నానం లేదు, మడి లేదు. ఆమె చరచరా పూజగదిలోకి వెళ్లి గిన్నె తెచ్చి గంప ముందు పెట్టింది.

"పాపమైతే నన్నే తగలనివ్వండి. ఆకలి నోటికి పెట్టొద్దనే దేవుడైతే ఆయనతోనూ నాకు పేచీయే!"

ముత్యం గిన్నె కేసి చూసింది. కదల్లేదు.

"ఆ గంట ఇటివ్వండి."

"మైలపడుతుందే..."

ఆయన చేతిలోంచి గంట లాక్కుని గణగణా వాయించింది.

ముత్యం చెవులు నిక్కాయి.

"లేస్తున్నదమ్మా, లేస్తున్నది!" మాసమ్మ అరిచింది.

కాళ్లు తడబడుతుండగా ముత్యం గంప దిగింది. చేపను దాటింది. గిన్నెనూ దాటింది. తిన్నగా జగన్నాథరావు కాళ్ల దగ్గరికి వెళ్లి, పట్టుపంచె అంచు మీద పంజా వేసి నిలబడింది.

ఆయన అటూ ఇటూ చూశాడు. తర్వాత ఉన్నచోటనే చతికిలబడ్డాడు. పిల్లి ఆయన ఒళ్లోకి ఎక్కింది. అలవాటైన పీట మీద సర్దుకున్నట్టు సర్దుకుని, తలెత్తి, ఆయన వేళ్ల కేసి నోరు తెరిచింది.

మాసమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

జగన్నాథరావు గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. ఉసిరికాయంత ముద్ద చేసి పెట్టాడు. ముత్యం తినేసింది. రెండో ముద్దా తిని వేళ్లు నాకింది.

"నువ్వు దీని పక్కనుంచి ఒక్క క్షణం లేచి ఉంటే నేనెప్పుడో పెట్టేవాణ్ణి కదే!" అన్నాడు తల ఎత్తకుండానే.

ఆమె చేతిలో గంట అలాగే ఉండిపోయింది.

"కాపురానికొచ్చిన కొత్తలో ఒక మాట అడిగావు. ఆ జవాబు నీకు బాకీ పడ్డాను" అంటూ ఆయన మూడో ముద్ద కలిపాడు. "తింటాడే. కాకపోతే చేత్తో పెట్టాలి."