పరగడుపు ప్రమాణం

ఆదిమూలం నోటిదాకా వచ్చిన కాఫీ గ్లాసును బావమరిది రాజారత్నం మెల్లగా లాక్కున్నాడు.

"వొద్దు బావా. కాణిపాకంలో ప్రమాణం సేసేవాడు పరగడుపునే ఉండాల."

 పొద్దున్నే కాఫీ ఆగిందంటే ఏమిటో ఆదిమూలానికి బాగా తెలుసు. పలమనేరు దోవలోని ఆ నర్సింగ్ హోములో ఎవరికి కాఫీ రాకపోతే వాళ్ళకు ఆ పూట కరెంటు పెడతారు. కడుపులో ఏమీ ఉండకూడదట. ఆపైన మంచానికి కట్టేసి, నోట్లో రబ్బరు ముక్క కుక్కి, రెండు కణతలకూ కరెంటు తగిలిస్తారు. వద్దు మొర్రో అన్నా వినే దిక్కుండదు.

"కాఫీ తాగందే నేను యాడికీ రాను" అన్నాడు మొండిగా.

రాజారత్నం మొహం చిన్నబుచ్చుకున్నాడు. ఆ నర్సింగ్ హోముమీద సోమవారం ఆర్డీవో విచారణ. పిచ్చోడి సాక్ష్యం చెల్లదని అక్కడి డాక్టరు అప్పుడే ప్రచారం మొదలుపెట్టాడు. కాణిపాకంలో ప్రమాణం చేసి వచ్చినవాడిని మాత్రం చిత్తూరు జిల్లాలో ఎవడూ కాదనలేడు. బావ మేలు కోరి పనులు మానుకుని కారు మాట్లాడుకొస్తే తననే అనుమానిస్తాడా అని నొచ్చుకున్నాడు.

మాట వరకూ బాగానే ఉంది. ఆ వినాయకుడి ఎదుట అబద్ధమాడే గుండె ఆ చుట్టుపక్కల ఎవరికీ లేదు. కానీ రెండేళ్ళ కిందట నర్సింగ్ హోములో కరెంటుకు ఒప్పుకుంటూ ఆదిమూలం తరఫున సంతకం పెట్టింది ఈ రాజారత్నమే. అప్పటినుంచీ బావ బెల్లం మండీ తాళాలు అతని మొలనే వేలాడుతున్నాయి. సోమవారం విచారణలో మొదట బయటికొచ్చే పేరూ అతనిదే. అలాంటివాడికి ఉన్నట్టుండి బావమీద ఇంత ప్రేమ ఎక్కడినుంచి ఊడిపడింది?

ఆదిమూలానికిప్పుడు ప్రాణంకంటే జ్ఞాపకం ముఖ్యం. కరెంటు పెడితే నెలలకు నెలలు బుర్రలోంచి తుడిచిపెట్టుకుపోతాయి. గుర్తు లేనివాడు సాక్ష్యమేం చెబుతాడు? అసలే పోయినేడు శ్రావణం, భాద్రపదం అతని లెక్కలో లేవు. విషజ్వరంతో ఒళ్ళు తెలీకుండా పడున్నావని ఇంట్లోవాళ్ళు చెబితే సరేననుకున్నాడు.

తిరుపతిలో యతిరాజులు మాస్టారని ఒకాయన, తనూ కరెంటు తిన్నవాడే, అలాంటివాళ్ళందర్నీ కూడగట్టి సంఘం పెట్టాడు. బలవంతపు వైద్యం ఆపాలని అర్జీలమీద అర్జీలు పెట్టి ఈ విచారణ వేయించింది ఆయనే. ఈ ఉగాదికి ఆదిమూలం సంఘాన్ని వెతుక్కుంటూ వెళితే, మాస్టారు గడపలోనే కావలించుకుని, "ఇన్నాళ్ళూ యాడికి పోయినావప్పా?" అన్నాడు. కరెంటు దెబ్బకు పాపం మనుషుల్ని కలగలిపేస్తున్నాడని ఆదిమూలం జాలిపడ్డాడు.

చివరికి భార్య శకుంతలమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంది. "నేను గూడా వస్తా ఉండా గదా, రాండి" అంది. ఆదిమూలం కారెక్కాడు గానీ తలుపు పిడిమీద చెయ్యి తియ్యలేదు. పలమనేరు దోవ చీలే చోట కారు అటు మళ్ళిందా, కాళ్ళు విరిగినా సరే దూకెయ్యాలని కూర్చున్నాడు.

కారు అటు మళ్ళలేదు. తిన్నగా కాణిపాకం చేరింది.

ఆదిమూలానికి సిగ్గేసింది. స్నానం చేసి, తడిబట్టలతో స్వామి ముందు నిలబడ్డాడు. తనకు తెలిసి కాణిపాకంలో ప్రమాణం చెయ్యడం ఇదే మొదలు.

"వొద్దు వొద్దంటా ఉంటే నన్ను కట్టేసి కరెంటు పెట్టినారు. ఇది అబద్ధమైతే నా కండ్లు పోవాల" అని కర్పూరం ఆర్పాడు.

గుండెలమీది బరువు దిగిపోయింది. పక్కన శకుంతలమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంటోంది. ఎంత భక్తో అనుకున్నాడు. బయటికొస్తూ రాజారత్నం భుజంమీద చెయ్యి వేశాడు.

"నిన్ను అనుమానించినా రత్నం. మనసులో పెట్టుకోవద్దప్పా. పా, ఏమన్నా తిందాము. ఆకలి దంచేస్తా ఉండాది."

"ఈడంతా ఈగలు బావా. దావలో మంచి హోటలుండాది, ఆడ తిందాము" అని రాజారత్నం అక్కను తీసుకుని కారు దగ్గరికి నడిచాడు.

ఆదిమూలం చెప్పుల కోసం ఆగాడు. వాటిని కాపలా కాసిన కుప్పమ్మ గరికా టెంకాయలూ అమ్ముకునే ముసలిది. చెప్పులు ముందుకు తోసి, అతని మొహంలోకి తేరిపార చూసింది. గంప పక్కనున్న దొన్నెలోంచి పిడికెడు పొంగలి తీసి అతని చేతిలో పెట్టింది. కారు దగ్గర రాజారత్నం తొందరపెడుతున్నాడు.

"పోయినేడు గూడా ఇట్నే ప్రమాణం సేసినాక, నిన్ను మెతుకు ముట్టనీకుండా కారెక్కించుకోని పోయినారు గదా నాయనా" అంది కుప్పమ్మ. "ఈసారన్నా రోంత తినిపో."