కౌజుపిట్ట కట్టుకథ

పొద్దు వాలుతుండగా రెల్లుదుబ్బుల దగ్గర పిట్టలన్నీ చేరాయి. కౌజుపిట్ట కథలంటే వాటికి చెవి కోసుకునేంత ఇష్టం. ఆ రోజు గూళ్ళకు కాపలా ఉండే బావురుపిల్లి కూడా వచ్చి అందరికంటే ముందు కూర్చుంది.

“అనగనగా ఒక తల్లిపిట్ట. ఒక వానపూట ఏదో మృగం దాని గూటిమీదికి వచ్చింది...” అని మొదలుపెట్టింది కౌజుపిట్ట.

బావురుపిల్లి తోక ఆడటం ఆగిపోయింది. కౌజుపిట్ట తల్లి పోయింది నిరుటి వానల్లోనే. గూట్లోనే పాము మింగేసిందని అందరికీ చెప్పింది బావురుపిల్లే.

“ఏమే పిల్లా, ఇది నీ కథేనా?” అంది మెత్తగా. గోళ్ళు మాత్రం బయటికొచ్చాయి.

“అయ్యో, కాదు మామా, కట్టుకథ.” కౌజుపిట్ట గొంతు వణికింది. అయినా ఆపలేదు. “తల్లి కెవ్వున అరిచింది. ఆ అరుపు అడవంతా వినబడింది. కాపలా కాసేది మాత్రం కదల్లేదు.”

పిట్టలు గుసగుసలాడాయి. ఒకటి రెండు బావురుపిల్లిని కోపంగా చూశాయి.

“అబద్ధం!” బావురుపిల్లి ఎగిరిపడింది. “అరిస్తే కదా నేను రావడానికి! రెక్క విరిగినట్టు కుంటుకుంటూ ముళ్ళపొద దాకా పోయింది. చివరిదాకా నోరెత్తనే లేదు!”

పిట్టలన్నీ ఒక్కసారిగా బావురుపిల్లి వైపు తిరిగాయి.

“అవును మామా, అరవలేదు,” అంది కౌజుపిట్ట. ఇప్పుడు దాని గొంతు వణకడం లేదు. “అమ్మ అరిస్తే ఆకుల కింద దాక్కున్న పిల్ల బదులు పలుకుతుంది. అందుకే అరవలేదు. ఆ పిల్లను నేనే, కాబట్టి నాకు తెలుసు. నీకెలా తెలిసింది?”