రోషం గల రక్తం

"ఆయనకు పుట్టినవాళ్లెవరూ దీన్ని తప్పించుకోలేరు," అన్నాడు డాక్టరు.

ఎదురుగా కూర్చున్న అన్నాచెల్లెళ్ల నాన్న పోయి అప్పటికి ఇరవై రోజులు. నలభై నాలుగేళ్లకే గుండె రక్తనాళంలో గడ్డ అడ్డం పడింది. ఊళ్లో అందరి పైపుల్లో అడ్డాలు తీసిన ప్లంబరు, తన గుండెలో పడ్డ అడ్డం తీసుకోలేకపోయాడు.

డాక్టరు కాగితం మీద గీసి చూపించాడు. రక్తాన్ని గడ్డ కట్టించే ఎంజైము ఒకటుందట, త్రాంబిన్. నాన్న ఒంట్లో అది మోతాదు మించి తయారయ్యేదట. ఆ లోపం ఆయనకు తల్లి నుంచీ తండ్రి నుంచీ, రెండు వైపులా వచ్చింది. డాక్టరు అంత గట్టిగా చెప్పడం అందుకే.

"భయపడకండి. పిల్లలందరికీ వస్తుంది గానీ, సగం పాళ్లే. ఎంత ఉందో ముందే తెలిస్తే జాగ్రత్తపడొచ్చు. ఇద్దరూ రక్తం ఇచ్చి వెళ్లండి."

"పెద్దాడికి చేస్తే చాలు," అంది అమ్మ. "చిన్నదానికెందుకండీ సూదిపోట్లు?"

"పదహారేళ్లొచ్చాయి, ఇంకా చిన్నదేంటమ్మా!" అన్నాడు డాక్టరు.

అన్నయ్య చెల్లెలి జడ లాగాడు. "ఒసేయ్ తవుడూ, నాన్న చొక్కాలన్నీ నేనే తీసేసుకున్నానని రెండ్రోజులు అన్నం మానేశావుగా. ఇందులో నీకూ వాటా ఉందట. తీసుకో."

తవుడు అన్నది నాన్న పెట్టిన ముద్దుపేరు. ఆస్పత్రి ముందు తవుడు పోసి కొనుక్కొచ్చామని ఆయన ఏడిపించేవాడు.

"దాన్ని అలా పిలవొద్దన్నానా!" అమ్మ కసిరింది. అన్నయ్య బిత్తరపోయాడు.

తవుడు మాత్రం చేయి చాపింది. ఎడమచేయి. స్పానరు ఎడమచేత్తో పట్టడం ఆమె నాన్నను చూసే నేర్చుకుంది. బడి లేని రోజుల్లో సంచీ మోస్తూ ఆయన వెంట పనికి వెళ్లేది. పైపు అంచు గీసుకుంటే ఆయనకు రక్తం చటుక్కున ఆగిపోయేది. "నాది రోషం గల రక్తమే, గడప దాటదు," అని గొప్పలు పోయేవాడు. ఆమె వేలు తెగితే ఎంతకీ ఆగేది కాదు. "నీ రక్తానికి రోషం చాల్లేదే తవుడూ," అంటూ ఆ వేలిని పిడికిట్లో పట్టుకుని, పని పక్కన పెట్టి, ఆగేదాకా కూర్చునేవాడు.

ఇవాళ ల్యాబు అక్క దూది రెండుసార్లు మార్చింది.

వారం తర్వాత అన్నయ్య రిపోర్టు వచ్చింది. ఉంది. మర్నాడు తవుడుది. ఆమె ఒక్కతే ల్యాబు కిటికీ దగ్గరికి వెళ్లింది. అమ్మ బయట బెంచీ మీద కూర్చుని కొంగుకు ముడి వేస్తోంది, విప్పుతోంది.

తవుడు కాగితం చదివింది. మళ్లీ చదివింది. పేరు చూసుకుంది. వయసు చూసుకుంది.

"అక్కా, ఇది నాదేనా?"

"నీదేనమ్మా. రెండుసార్లు చూశాం."

కాగితాన్ని మడిచింది, మడిచింది, ఇంక మడత పడనంత చిన్నగా అయ్యేదాకా మడిచింది. కుళాయి దగ్గర మొహం కడుక్కుంది. ఆ కుళాయి కారుతోంది. అలవాటుగా ఎడమచేత్తో బిగించి వచ్చింది.

అమ్మ మొహంలో నెత్తుటి చుక్క లేదు. "ఏం... ఏమొచ్చిందే?"

"ఏమొస్తుంది? నాన్నదే వచ్చింది. అన్నయ్యకి ఎంతో నాకూ అంతే." తవుడు నవ్వబోయింది. "నాన్న నాకేం అన్యాయం చెయ్యలేదమ్మా."

అమ్మ ఆ మొహంలోకి చాలాసేపు చూసింది. కాగితం అడగలేదు. ఆ ఎడమచేతిని గుండెకు అదుముకుంది.

"అంతా మీ నాన్న పోలికే తల్లీ నీకు," అంటూ వెక్కి వెక్కి ఏడ్చింది.

తవుడు గుప్పిట్లో నలుగుతున్న ఆ కాగితంలో మాత్రం, ఈ పిల్ల రక్తంలో ఆ లోపం అసలు లేదని రాసి ఉంది.