ఒక్క టిక్కు

ఆ ఉదయం ఆకాశం గట్టిగా కురవనూ లేదు, తెరిపీ ఇవ్వలేదు. ముసురు పట్టి, ఎటూ తేల్చుకోలేనట్టు వేలాడుతోంది.

పళ్ళ ఆసుపత్రి తలుపు తాళం తీసి లోపలికి వచ్చిన రిసెప్షనిస్టుకి బల్ల మీద ఆ కాగితం కనిపించింది. సిబ్బందికి ఆరోగ్య బీమా. రెండు పథకాలు, రెండు గడులు. ఏదో ఒక గడిలో టిక్కు పెట్టాలి.

మొదటిది పురుడు ఖర్చు తొలిరోజు నుంచే భరిస్తుంది, తల్లిదండ్రుల ఊసెత్తదు. రెండోది కన్నవాళ్ళని పాత జబ్బులతో సహా కలుపుకుంటుంది, పురుడు మాత్రం దానికి పట్టదు.

రెండూ కలిసొచ్చేది లేదా అని ఏజెంటుని ఆమె వారం కిందటే అడిగింది.

"ఎందుకు లేదండీ. అయిదొందల మంది పనిచేసే కంపెనీలకి ఉంది," అన్నాడతను.

ఇక్కడ పనిచేసేది నలుగురు, డాక్టరుగారితో కలిపి.

డాక్టరుగారికి ఒక పట్టింపు ఉంది. గుమ్మం లోపల అక్కలూ బాబాయిలూ ఉండకూడదు. ఎవరి పని పేరే వాళ్ళ పేరు. టెక్నీషియన్ ఉద్యోగంలో చేరిన రోజున పెట్టిన నియమం అది. అద్దంలో తనని తాను కూడా డాక్టరుగారనే పిలుచుకుంటారేమో అని నర్సు చాటుగా నవ్వుతుంది.

ఆయన వస్తూనే గొడుగు మూలన పెట్టారు.

"రిసెప్షన్ గారూ, ఒంటిగంటలోపు ఏజెంటు వస్తాడు. ఇది దాటితే మళ్ళీ ఏడాదికే."

"మీరే ఏదో ఒకటి చెప్పండి సార్."

"నేను చెబితే ఎవరో ఒకరికి కానివాడినవుతాను. మీరైతే తూకం ఒకవైపు మొగ్గనివ్వరు. కళ్ళు మూసుకుని సంతకం పెడతాను."

మూతికి గుడ్డ కట్టుకుని ఆయన లోపలి గదిలోకి వెళ్ళిపోయారు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. తానే దూకాలంటే ఏదో ఒకటిలే అని కళ్ళు మూసుకోవచ్చు. ఇది ఇంకొకళ్ళని తోయడం.

పదకొండింటికి టెక్నీషియన్ వెనక గదిలోంచి వచ్చాడు. మోచేతుల దాకా అచ్చుల సుద్దపొడి. చేతిలో ఒక జత కట్టుడు పళ్ళు.

"పెద్దాయన పళ్ళు అయిపోయాయి మేడమ్."

"అక్కడ పెట్టండి."

పెట్టాడు. కదల్లేదు.

"ఇంకేమన్నా ఉందా?"

"అమ్మ సంగతి మీకు కొత్తగా చెప్పేదేముంది. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి పడుకోవాలి. ఎడమచెయ్యి సూదులతో జల్లెడైపోయింది."

"తెలుసు."

"ఏడాది ఆగమంటే ఆగే జబ్బు కాదు."

"తెలుసన్నానుగా."

అతను వెళ్ళిపోయాడు. కట్టుడు పళ్ళు బల్ల మీదే ఉండి కాగితం వంక చూసి ఇకిలిస్తున్నాయి.

కాసేపటికి నర్సు వచ్చింది. నాలుగో నెల. ఇంతకుముందు రెండు నిలవలేదు. ఈసారి ఏడో నెల నుంచి ఆసుపత్రి మంచం మీదే ఉండాలన్నారట. ఏప్రను నాడాలు ఈమధ్య కాస్త పైకి కడుతోంది.

"విన్నారా? ఈ బీమా ఒంట్లో అన్నిటికీ ఇస్తుందట, పళ్ళకి తప్ప. మన బతుక్కి తగినదే దొరికింది."

రిసెప్షనిస్టు నవ్వబోయింది. రాలేదు.

నర్సు ఉడికించిన పనిముట్లు ఒక్కొక్కటే తుడిచి పళ్ళెంలో పేరుస్తోంది. తలెత్తకుండానే అంది.

"మీరు రెండోదానికే టిక్కు పెట్టండి. నేనేమీ అనుకోను. మీ స్థానంలో ఉంటే నేనూ అదే చేస్తాను."

ఏడ్చినా, కాళ్ళు పట్టుకున్నా ఇంత కష్టం ఉండేది కాదు.

పన్నెండున్నరకి ఏజెంటు వచ్చాడు. రోగుల మధ్య బెంచీ మీద చోటు చూసుకుని, బుగ్గన చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. పక్కనున్న ముసలాయన జాలిపడ్డాడు.

"నాది అంత నొప్పి కాదు నాయనా. ముందు నువ్వు వెళ్ళు."

ఏజెంటు లేచి బల్ల దగ్గరికి వచ్చాడు. "అయిందాండీ?"

ఆమె కలం తీసుకుంది. అది తనంతట తానే రెండో గడి మీదికి పోయింది. అక్కడ ఆగింది. వెనక గదిలో అరగదీసే మిషను చప్పుడు కూడా ఆగింది. లోపల ఎక్కడో పళ్ళెంలో ఒక పనిముట్టు జారి ఖంగుమంది.

కలం పైకి జరిగింది.

"మొదటిది," అంది. టిక్కు పెట్టింది.

"మంచిదండీ. ఎవరికీ ఇబ్బంది లేదుగా?"

"లేదు."

డాక్టరుగారు వచ్చి సంతకం పెట్టారు. నిజంగానే చూడలేదు.

నర్సు కుళాయి తిప్పి, నీళ్ళు ఊరికే పోతున్నా కట్టకుండా చాలాసేపు నిలబడింది. టెక్నీషియన్ చేతులు మోచేతుల దాకా కడుక్కున్నాడు. ఏప్రను మేకుకి తగిలించి, బల్ల ముందునుంచే నడిచి వానలోకి వెళ్ళిపోయాడు.

ఒంటిగంట. మళ్ళీ తెరిచేది నాలుగింటికి. ఆమె తాళం వేసి, రెండుసార్లు లాగి చూసి బయల్దేరింది. గొడుగు ఉంది. తెరవడం మరిచిపోయింది.

ఇంటి గడప పక్కన అప్పటికే ఒక జత తడిచెప్పులున్నాయి. వాటి పక్కన తనవీ విడిచింది. లోపల మూడు కంచాలు. కాళ్ళు కడుక్కుని తన చోట కూర్చుంది.

కట్టు కట్టిన ఎడమచేతిని ఒడిలో పెట్టుకుని, అమ్మ కుడిచేత్తో ముందు తమ్ముడికీ తర్వాత ఆమెకీ ఎప్పటిలాగే సమంగా వడ్డించి, సుద్దపొడి వాసన పోని ఆ కొడుకు పక్కనే కూర్చుని, తన ముద్ద కలుపుకుంది.