అమ్మా, తలుపు

దేశం దాటిపోదామని మీనా అనే రేవులో కొడుకు షాదీ ఎక్కిన పడవ ఏమైందో కబురు లేదు. ఆనాటి నుంచి తల్లి నజ్వా వాడి లాప్‌టాప్ ఆర్పలేదు. బ్యాటరీ చచ్చిన ఆ యంత్రం నేరుగా కరెంటు మీద, రాసిందేదీ దాచుకోని పెన్‌డ్రైవ్‌తో నడుస్తుంది. ఆరిందంటే వాడు రాసిందేదీ మిగలదు. తెర మీద వాడు సగంలో వదిలేసిన మాట ఉంది: "అమ్మా, తలుపు".

ఒక రాత్రి, ఒకవేళ బిడ్డ వస్తే స్నానానికని నజ్వా హీటర్ వేసింది. వీధికి కరెంటు అమ్మే జనరేటర్ వాడిచ్చే ఐదు ఆంపియర్లు ఆ బరువు మోయలేకపోయాయి. ఇల్లంతా చీకటైంది.

"ఫ్రిజ్ నడుస్తుంటే హీటర్ వేస్తారా ఎవరైనా? నీ చేత్తో నువ్వే తుడిచేశావు కదమ్మా," అని కూతురు రీమా ఏడ్చింది. ఫ్రిజ్ వైరు పీకి, పడిపోయిన కరెంటు మీట ఎత్తి, యంత్రాన్ని మళ్ళీ లేపింది. తెర ఏమీ ఎరగని పసిబిడ్డలా తెరుచుకుంది. రీమా వెళ్ళి పడుకుంది. నజ్వా ఖాళీ తెర ముందే కూర్చుంది.

మెట్ల మీద తడి కాళ్ళ చప్పుడైంది. గుమ్మం దగ్గర ఆగింది.

తెర మీద ఒక్కో అక్షరమే పడింది: "అమ్మా, తలుపు తియ్యకు".

బయట ఎవరివో పళ్ళు చలికి టకటకా కొట్టుకుంటున్నాయి. నజ్వా కళ్ళు తుడుచుకుని గడియ మీద చెయ్యి వేసింది.

"నీళ్ళు కాగుతున్నాయి నాన్నా," అంది.